రాజుగారి దేశంలో ఒక పంతులుగారి కోసం

శుక్రవారం, నుకుఅలోఫా

ఆక్లాండ్‌లో విమానం ఎక్కితే మూడు గంటల లోపే టోంగా, పసిఫిక్ సముద్రంలో చిన్న దీవుల రాజ్యం. సెలవులకు బీచ్‌లు కావాలనుకునే మా తెలుగువాళ్లంతా ఫిజీ వెళ్తారు. టోంగాకి ఎందుకని మా ఆయన కూడా రెండుసార్లు అడిగారు. నాకు ఒక మనిషి మీద కుతూహలం, అంతే. ఆయన పేరు అకిలిసి పోహివా. బడిపంతులుగా మొదలై, ముప్పై ఏళ్లు రాజరికంతో కొట్లాడి, చివరికి ప్రధానమంత్రి అయిన మనిషి. 2019 సెప్టెంబరు 12న పదవిలో ఉండగానే ఆక్లాండ్ ఆసుపత్రిలో చనిపోయారు. అప్పుడు 78 ఏళ్లు. ఆ రోజు మా ఆఫీసులో ఇద్దరు టోంగా ఆడవాళ్లలో ఒకావిడ పొద్దుటి నుంచీ ఏడుస్తూనే ఉంది. రెండో ఆవిడ మాత్రం, "మా మేనమామ కొట్టు తగలబడటానికి కారణం ఆయనే" అని తన పని తాను చేసుకుంది. ఆ ఇద్దరూ వారం రోజులు సరిగా మాట్లాడుకోలేదు. చనిపోయి ఇన్నేళ్లయినా ఆయన పేరెత్తితే ఇప్పటికీ అదే వరస.

విమానాశ్రయం నుంచి రాజధాని నుకుఅలోఫాకి సుమారు ఇరవై కిలోమీటర్లు. కొండంటూ లేని చదును దీవి. రోడ్డు మీద పందులు తీరుబడిగా తిరుగుతుంటాయి, కార్లే ఆగాలి. దారి పొడవునా శ్మశానాలు. తెల్లటి ఇసుక దిబ్బలు, వాటి మీద ప్లాస్టిక్ పూలు, వెనక గుంజలకు కట్టిన రంగురంగుల బొంతలు. మా కారు డ్రైవర్ అందులో ఒక దిబ్బ చూపించి "మా నాన్న" అన్నాడు, ఎదురింటాయన్ని పరిచయం చేసినట్టు.

శనివారం

ఆదివారం ఏ కొట్టూ తెరవరు కాబట్టి శనివారం తలమాహు మార్కెట్ కిక్కిరిసి ఉంది. చేమదుంపలు, పెండలం, కర్రపెండలం, పచ్చికొబ్బరి, సీమపనసకాయలు. కిలోల లెక్క లేదు. కుప్పలు పోసి పెడతారు, కుప్పకింత. ఒక మూల మగవాళ్లు కావా వేళ్లు (దంచి నీళ్లలో కలుపుకుని తాగుతారు) కట్టలుగా కట్టి అమ్ముతున్నారు. పెద్దవాళ్లలో చాలామంది నడుముకి చాప చుట్టుకున్నారు, ఇక్కడ గౌరవంగా కనబడాలంటే అది ఉండాల్సిందే. మా ఆయన దాన్ని ఫోటో తీస్తుంటే ఒక పెద్దాయన చాప సర్దుకుని మరీ నిలబడ్డాడు.

మార్కెట్ నుంచి సముద్రం వైపు నడిస్తే రాజభవనం. 1867లో కట్టిన తెల్లటి చెక్క ఇల్లు, ఎర్ర కప్పు. లోపలికి రానివ్వరు, కంచె బయటి నుంచి చూడాల్సిందే. మన జమీందారుల బంగళాలు కొన్ని దీనికంటే పెద్దవే. కానీ పసిఫిక్‌లో ఏ తెల్లదొరకీ వలసగా మారకుండా మిగిలిన రాజ్యం ఇదొక్కటే. 1900 నుంచి 1970 దాకా బ్రిటన్ రక్షణలో ఉంది గానీ, రాజు మాత్రం గద్దె దిగలేదు. టోంగా వాళ్లకి ఆ గర్వం అంతా ఇంతా కాదు. పోహివాని అర్థం చేసుకోవాలంటే ఈ గర్వం సంగతి ముందు తెలియాలి. ఆయన కొట్లాడింది జనం ప్రేమించే రాజుతో.

భవనం నుంచి నడిబజారుకి వచ్చాక ఒక విషయం గమనించాను. రాజధాని నడిబొడ్డు కదా, పాత కట్టడాలు ఉండాలి. ఉన్నవి చాలా తక్కువ. ఎటు చూసినా కొత్త కాంక్రీటు. కారణం 2006 నవంబరు 16.

ఆ ఏడాది సెప్టెంబరులో నాలుగో టుపౌ రాజు పోయారు. నలభై ఏళ్లు ఏలిన మనిషి. రాజకీయ సంస్కరణల మీద పార్లమెంటు ఏదో ఒకటి తేలుస్తుందని జనం ఎదురు చూశారు. తేల్చకుండానే సభ ఆ ఏటికి ముగించబోతోందని తెలిసి పార్కులో పోగైన గుంపు మధ్యాహ్నానికి అదుపు తప్పింది. ప్రధానమంత్రి కుటుంబానిదని సూపర్‌మార్కెట్‌కి నిప్పు పెట్టారు. కొత్త రాజుకి సంబంధించినదని కరెంటు కంపెనీ ఆఫీసుకి పెట్టారు. చైనా వాళ్ల కొట్లు లూటీ చేశారు. సాయంత్రానికి నడిబజారులో చాలా భాగం బూడిద. ఎనిమిది మంది చనిపోయారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు దిగాల్సి వచ్చింది. పోహివా మీద, మిగతా ఉద్యమ నాయకుల మీద దేశద్రోహం కేసులు పెట్టారు, అవి నిలబడలేదు. కోర్టు సంగతి అలా ఉంచితే, బజారులో మాత్రం ఇప్పటికీ తీర్పు రాలేదు. నేను బట్టల కొట్లో అడిగితే అమ్మాయి గొంతు తగ్గించి "అప్పుడు నేను చిన్నపిల్లని" అంది. పక్కనున్న వాళ్లమ్మ మాత్రం "ఆయన మాట్లాడాడు, వీళ్లు కాల్చారు. మాట్లాడినవాడికి బాధ్యత లేదా?" అంది. నిప్పంటించమని ఆయన చెప్పలేదని నా నమ్మకం. కానీ ఆవిడ ప్రశ్నని తోసేయలేకపోయాను.

ఈ కాంక్రీటంతా లేవడానికి డబ్బు చైనా ఎక్జిమ్ బ్యాంకు అప్పుగా ఇచ్చింది. ఆ అప్పు మళ్లీ పోహివా మెడకే చుట్టుకుంది, తర్వాత చెబుతాను.

ఆదివారం

రాజ్యాంగంలోనే రాసుకున్నారు, ఆదివారం పవిత్రదినం, వ్యాపారం చేయకూడదని. విమానాలు దిగవు. ఆటలుండవు. ఊరంతా నల్ల బట్టలు, చాపలు కట్టుకుని చర్చికి నడుస్తుంది. పాటలు మాత్రం వినితీరాలి. వాయిద్యం లేకుండా నాలుగు శ్రుతుల్లో పాడుతుంటే మాట ఒక్కటీ అర్థంకాకపోయినా ఒళ్లు గగుర్పొడిచింది.

మా ఆఫీసు ఆవిడ (ఏడ్చిన ఆవిడ) వాళ్ల పెదనాన్న ఇంట్లో భోజనం. తెల్లారుజామునే నేలలో గొయ్యి తీసి, రాళ్లు కాల్చి, చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు, ఉల్లిపాయ వేసి పొట్లాలు కట్టి పెట్టి, మట్టి కప్పేసి చర్చికెళ్లిపోతారు. తిరిగొచ్చేసరికి ఉడికి ఉంటుంది. మా ఆయన శాకాహారి. ఆయన కోసం ఉత్త చేమాకు, కొబ్బరిపాలతో విడిగా చేశారు. నాకు అదే ఎక్కువ నచ్చింది. ఆకు వెన్నలా కరిగిపోతుంది, దురద అన్నమాటే లేదు.

పెదనాన్నగారు రిటైరైన టీచరు. 2005లో మూడు వేల మంది ప్రభుత్వోద్యోగులు ఆరు వారాలు సమ్మె చేశారు, అందులో ఆయనొకరు. జీతాలు అరవై నుంచి ఎనభై శాతం పెంచితే గానీ వెనక్కి తగ్గలేదు. "మా దేశంలో పైవాడికి ఎదురు చెప్పడమే తెలీదు. ఆ సమ్మెలో నేర్చుకున్నాం" అన్నాడాయన. అప్పటి ప్రధానమంత్రి రాజుగారి చిన్నకొడుకే. ఇప్పుడు రాజు కూడా ఆయనే, ఆరో టుపౌ.

పోహివా ఎక్కడ మొదలుపెట్టారో ఆయన చెబుతుంటే నేను నోట్స్ రాసుకున్నాను. విద్యాశాఖలో ఉద్యోగం చేస్తూ, ప్రభుత్వాన్ని నిలదీసే రేడియో కార్యక్రమంలో పాలుపంచుకున్నందుకు 1985లో ఉద్యోగం పీకేశారు. ఊరుకోకుండా కోర్టుకెళ్లి గెలిచారు. ఈలోగా 'కెలేఆ' అని ఒక చిన్న పత్రిక పెట్టి, ఎంపీలు భత్యాల పేరుతో ఎంత పట్టుకెళ్తున్నారో అందులో అచ్చేయడం మొదలుపెట్టారు. 1987 ఎన్నికల్లో జనం ఆయన్ని పార్లమెంటుకి పంపారు. అప్పటి నుంచి చనిపోయేదాకా దాదాపు అక్కడే.

ఆ పార్లమెంటు లెక్క ఒక్కసారి చూడండి. దేశం మొత్తానికి 33 ప్రభువుల బిరుదులు. 2010కి ముందు ఆ 33 మంది కలిసి తొమ్మిది మందిని ఎన్నుకునేవాళ్లు. మిగతా లక్ష జనాభా కలిసి మరో తొమ్మిది మందిని. ఇవి కాక రాజు నియమించే మంత్రులంతా సభలోనే కూర్చునేవాళ్లు. జనం ప్రతినిధులు తొమ్మిది మందీ ఒక్క మాట మీదున్నా ఓడిపోయేవాళ్లు. పోహివా ఇరవై ఏళ్లకు పైగా ఓడిపోవడానికే సభకి వెళ్లారన్నమాట.

మీ దగ్గర రాజులేమయ్యారని పెదనాన్నగారు అడిగారు. నిజాం సంగతి, 1948 సంగతి, రాజభరణాల రద్దు చెప్పాను. ఆయనకి అవేవీ పట్టలేదు. "భూమి?" అన్నారు. జమీందారీ రద్దు చట్టం గురించి నాకు తెలిసినంత చెప్పాను, భూమి అందరికీ రాలేదని కూడా. ఇక్కడ నేల మొత్తం రాజుదే. అమ్మడానికి వీల్లేదని రాజ్యాంగమే చెబుతుంది. పదహారేళ్లు నిండిన ప్రతి మగవాడికీ ఎనిమిదింపావు ఎకరాల సాగుభూమి, ఊళ్లో ఇంటిస్థలం అడిగే హక్కుంది. ఇవ్వడానికి సరిపడా భూమి లేదు, అది వేరే సంగతి. ఆడవాళ్లకి ఆ హక్కే లేదు. ఈ మాట వచ్చినప్పుడు గిన్నెలు తీస్తున్న పెద్దమ్మగారు నావైపు చూసి కనుబొమలెగరేసింది. 2015లో పోహివా ప్రభుత్వం మహిళల వివక్షపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని ఆమోదిస్తామని ప్రకటిస్తే వీధుల్లో ఊరేగింపులు జరిగాయి, వ్యతిరేకంగా. ముందు వరసలో చర్చి మహిళలే. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. "నువ్వూ వెళ్లావుగా" అని పెదనాన్నగారు అంటే "వెళ్లాను. అప్పుడు ఫాదరు చెప్పినదే తెలుసు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

సోమవారం

పాత పార్లమెంటు భవనం చూద్దామని బయల్దేరాం. లేదు. శతాబ్దం పైబడిన చెక్క కట్టడం, 2018 ఫిబ్రవరిలో గీటా తుపాను కూల్చేసింది. ఆ వీధిలోనే నిలబడి, ఇంటి దగ్గర చదువుకొచ్చిన కథలన్నీ మా ఆయనకి చెప్పాను. పాపం, ఎండలో నిలబడి విన్నారు.

నాకు బాగా నచ్చిన కథ పాస్‌పోర్టులది. ఎనభైల్లో టోంగా ప్రభుత్వం విదేశీయులకి పాస్‌పోర్టులు అమ్ముకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని పోహివా కోర్టుకెక్కితే, 1991లో ఏకంగా రాజ్యాంగాన్నే సవరించి కొనుక్కున్నవాళ్లందరినీ పౌరుల్ని చేసేశారు. జనం అర్జీ పట్టుకుని రాజభవనానికి ఊరేగింపుగా వెళ్లారు, చర్చి పెద్దలు కూడా కలిశారు. సరే, ఆ డబ్బేమైంది? అమెరికాలో ఒక బ్యాంకులో పెట్టారు. అక్కడి ఆర్థిక సలహాదారు ఒకాయన తనని ఆస్థాన విదూషకుడిగా నియమించమని అడిగితే, 1999లో రాజుగారు నిజంగానే ఫర్మానా ఇచ్చారు. ఆ విదూషకుడి సలహాతో పెట్టిన పెట్టుబడుల్లో దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు గల్లంతయ్యాయి. నేను కల్పించడం లేదు. తెనాలి రామలింగడి కథల్లో కూడా రాయలవారి ఖజానా తాళాలు రామలింగడికి ఇవ్వలేదు.

1996 సంగతి ఇంకా ముఖ్యం. న్యాయశాఖ మంత్రి ఒకాయన సరైన సెలవు లేకుండా అట్లాంటా ఒలింపిక్స్‌కి వెళ్లాడు. ఆయన్ని అభిశంసించాలని పోహివా తీర్మానం రాశారు. అది సభ ముందుకి రాకముందే 'టైమీ ఓ టోంగా' పత్రికలో అచ్చయింది. సభాధిక్కారం అని పోహివాని, పత్రిక సంపాదకులు ఇద్దర్ని పార్లమెంటే విచారించి, పార్లమెంటే 30 రోజులు జైలు వేసింది. గడువు పూర్తికాక ముందే సుప్రీంకోర్టు ఆ శిక్ష చెల్లదని ముగ్గురినీ వదిలిపెట్టింది. 2002లో రాజుకి రహస్య సంపద ఉందని చెప్పే ఉత్తరం అచ్చేసినందుకు మళ్లీ దేశద్రోహం కేసు. జ్యూరీ నిర్దోషి అంది.

పత్రిక కోసం జైలుకెళ్లిన ఇదే మనిషి ప్రధాని అయ్యాక, 2017లో ప్రభుత్వ రేడియో, టీవీ సంస్థని ప్రభుత్వానికి శత్రువుగా మాట్లాడారు. విలేఖరులు ఇబ్బందిపెట్టే ప్రశ్నలు అడుగుతున్నారని ఆయన ఫిర్యాదు. సొంత కొడుకుని తన ఆఫీసులో పెట్టుకున్నారన్న విమర్శ ఉండనే ఉంది. ఇది చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. ఆయన భక్తులు "అంతా కుట్ర" అంటారు. నాకలా అనిపించదు. జీవితమంతా తలుపు బద్దలుకొట్టిన మనిషికి ఇల్లు నడపడం చేతకాలేదు.

మంగళవారం

దీవి చుట్టూ తిరిగాం. తూర్పు కొసన హఅమొంగా, మూడు పగడపురాళ్ల తోరణం, పదమూడో శతాబ్దం నాటిదంటారు. దక్షిణాన హౌమా దగ్గర రాళ్ల కన్నాల్లోంచి సముద్రం ఫౌంటెన్‌లా చిమ్ముతుంది. మా ఆయనకి ఇదే నచ్చింది. రాజకీయాలకి ఇవాళ సెలవు.

బుధవారం, హాపాయ్ దీవులు

పోహివా పుట్టింది 1941లో, హాపాయ్ దీవుల్లో. వెళ్లేటప్పుడు చిన్న విమానం దొరికింది. పడవ అంటే నాకు టెన్షన్. 2009 ఆగస్టులో ఇదే దారిలో 'ప్రిన్సెస్ అషికా' అనే ఫెర్రీ రాత్రిపూట మునిగిపోయింది. 74 మంది పోయారు, వాళ్లలో ఎక్కువమంది కింది అంతస్తులో నిద్రపోతున్న ఆడవాళ్లూ పిల్లలూ. సముద్రానికి పనికిరాని పడవని ప్రభుత్వం కొన్నదని విచారణ సంఘం తేల్చింది. మంత్రి రాజీనామా చేశాడు. సంస్కరణలు ఎందుకు కావాలో చెప్పడానికి ఉద్యమానికి అంతకుమించిన ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

ఆ మార్పు రాజుగారే తెచ్చారన్నది మాత్రం ఒప్పుకోవాలి. 2006లో గద్దెనెక్కిన ఐదో టుపౌ లండన్ టాక్సీలో ఊరు తిరిగే విలాసపురుషుడు, కానీ 2008లో పట్టాభిషేకానికి ముందు తన అధికారాలు చాలామటుకు వదులుకుంటానని ప్రకటించారు. 2010 ఎన్నికల్లో జనానికి 17 సీట్లు, ప్రభువులకి 9. పోహివా పార్టీ 17లో 12 గెలిచింది. అయినా ప్రధాని కాలేకపోయారు. మిగతా ఐదుగురూ ప్రభువుల వైపు చేరడంతో 14-12 తేడాతో లార్డ్ తుఇవకనో గెలిచాడు. ఆరోగ్యశాఖ ఇస్తే, సొంత గొంతు వదులుకోవాలన్న షరతుకి ఒప్పుకోక పోహివా కొన్ని వారాలకే బయటికొచ్చారు. 2014 డిసెంబరులో గానీ ఆయన వంతు రాలేదు. ఓట్లు 15-11. పార్లమెంటు ఎన్నుకున్న తొలి సామాన్య ప్రధాని. అప్పటికి ఆయనకి 73.

పాంగాయ్ అన్నది ఇక్కడి పెద్ద ఊరు. అంటే నాలుగు వీధులు, రెండు చైనా కొట్లు. 1875 రాజ్యాంగం రాయడంలో మొదటి టుపౌ రాజుకి కుడిభుజమైన మిషనరీ షర్లీ బేకర్ సమాధి ఇక్కడే ఉంది. ఆ మొదటి రాజు బలం పుంజుకుందీ ఈ దీవుల నుంచే. రాజ్యాన్ని కట్టినవాడు, దాన్ని ప్రశ్నించినవాడు ఇద్దరూ హాపాయ్ వాళ్లే. పాంగాయ్‌లో ఎవర్ని కదిలించినా ఈ మాట తప్పకుండా చెబుతారు.

గురువారం, హఅనో

పాంగాయ్ ఉన్న లిఫూకా దీవి నుంచి కట్ట మీదుగా ఫోవా దీవి, ఫోవా ఉత్తరకొస నుంచి మోటారు పడవ. అలలు లేవు, దేవుడి దయ. హఅనో దీవిలో నాలుగు ఊళ్లు, అందులో ఫకకకాయ్ ఒకటి. పోహివా పుట్టిన ఊరు అదే.

విగ్రహం ఏమైనా ఉందేమోనని చూశాను. నాకేమీ కనబడలేదు. చర్చి, బడి, ఇసుక వాకిళ్లు, వర్షపునీళ్లు పట్టుకునే సిమెంటు తొట్లు, చాలా తాళాలు వేసిన ఇళ్లు. జనం నుకుఅలోఫాకి, అక్కణ్ణుంచి ఆక్లాండ్‌కి, సిడ్నీకి వెళ్లిపోయారు. మిగిలిన ఆడవాళ్లు ఒక షెడ్డులో వరసగా కూర్చుని చాప అల్లుతున్నారు. నన్నూ కూర్చోబెట్టారు. మొగలి జాతి ఆకుల్ని ఉడకబెట్టి, సముద్రపు నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, గోటి వెడల్పున చీల్చి అల్లుతారు. పెద్ద చాపకి నెలలు పడుతుంది. నేను అల్లిన నాలుగు వేళ్ల మేర వాళ్లు నవ్వుకుంటూ విప్పేశారు.

వాళ్లలో పెద్దావిడ ఆయన్ని "అకిలిసి" అనే అంటుంది, పక్కింటి కుర్రాణ్ణి పిలిచినట్టు. 2017 ఆగస్టులో రాజు ఉన్నట్టుండి పార్లమెంటు రద్దు చేసినప్పుడు ఊరంతా రేడియో చుట్టూ కూర్చుందట. ప్రభుత్వం రాజు అధికారాల్లో వేలు పెడుతోందని స్పీకరు చెప్పడం వల్ల రద్దు చేశారన్నది బయటికొచ్చిన కారణం. నవంబరులో ఎన్నికలు పెడితే పోహివా పార్టీకి 17కి 14 వచ్చాయి, అంతకుముందు ఉన్నవి తొమ్మిదే. "రాజుగారి మీద కోపమొచ్చిందా?" అని అడిగితే ఆవిడ నా ప్రశ్నే తప్పన్నట్టు చూసింది. "రాజుగారి మీద కోపమేంటమ్మా? రాజు రాజే, ఓటు ఓటే."

అమాయకంగా అన్న మాట కాదిది. పోహివా కూడా రాజరికం పోవాలని పోరాడలేదు. రాజు ఉండాలి, మంత్రులు మాత్రం జనానికి జవాబు చెప్పాలి, ఇంతే ఆయన అడిగింది. అంత చిన్న కోరికకి ముప్పై ఏళ్లు పట్టింది.

గురువారం రాత్రి, పాంగాయ్

గెస్ట్‌హౌస్ వెనక మగవాళ్లు కావా కూటమి పెట్టారు. కొయ్య గిన్నె, కొబ్బరి చిప్పలు, గిటారు. మా ఆయన కూర్చున్నారు. నాలిక మొద్దుబారిందని, రుచి బురదనీళ్లలా ఉందని తర్వాత చెప్పారు. నేను పక్కన కుర్చీలో.

వాదన అప్పు దగ్గర మొదలైంది. అప్పట్లో దేశం విదేశీ అప్పులో సగానికి పైగా చైనాదే. పసిఫిక్ దేశాలన్నీ కలిసి మాఫీ అడుగుదామని 2018 ఆగస్టులో పోహివా అన్నారు. కొద్దిరోజులకే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఏడాది చివరికి టోంగా బెల్ట్ అండ్ రోడ్ అనే చైనా అంతర్జాతీయ నిర్మాణ పథకంలో చేరింది, కిస్తీలకి ఐదేళ్ల వాయిదా దొరికింది. "లొంగిపోయాడు" అని ఒకడు, "ఐదేళ్లు సంపాదించాడు" అని ఇంకొకడు. టోంగాలో జరగాల్సిన 2019 పసిఫిక్ క్రీడల ఆతిథ్యాన్ని ఖర్చు భరించలేమని వదులుకోవడం మీద ఇంకాసేపు. చనిపోవడానికి నెల ముందు తువాలులో పసిఫిక్ దేశాధినేతల సమావేశంలో, వాతావరణ మార్పు గురించి కుర్రవాళ్లు మాట్లాడుతుంటే ఆయన కన్నీళ్లు పెట్టుకున్న సంగతి వచ్చేసరికి మాత్రం ఎవరూ కాదనలేదు. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి సునామీ వచ్చినప్పుడు ఇదే హాపాయ్ దీవుల్లోని మాంగో దీవిలో ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. ఆ కూటమిలోనే ఒకతనికి అక్కడ బంధువులున్నారు.

శనివారం, నుకుఅలోఫా

పొద్దున్నే తిరిగొచ్చాం. విమానాశ్రయానికి తీసుకెళ్లే డ్రైవర్ మొదటిరోజు వచ్చినతనే. పోహివా తర్వాత 2025 దాకా ప్రధానులెవరని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టాడు. తుఇఒనెటోవా, సోవలేని, ఏకే. ముగ్గురూ పోహివా దగ్గర మంత్రులుగా చేసినవాళ్లే. సోవలేనినీ, ఏకేనీ ఆయనే మధ్యలో పదవి నుంచి తప్పించారు. తుఇఒనెటోవా పోహివా పోయిన కొద్దిరోజులకే సొంత పార్టీ పెట్టుకుని, ప్రభువుల మద్దతుతో ప్రధాని అయ్యాడు. పార్టీ ముక్కలైపోయింది. 2024 ఫిబ్రవరిలో, రక్షణశాఖ చూస్తున్న ప్రధాని సోవలేని మీద తనకి నమ్మకం పోయిందని రాజుగారు ప్రకటించారు. అదే డిసెంబరులో సోవలేని అవిశ్వాస తీర్మానం ఓటుకి కాస్త ముందు రాజీనామా చేశాడు. ప్రధానిని ఇప్పుడు ఎంపీలు ఎన్నుకుంటారు, దింపగలరు కూడా. రాజుగారికి నచ్చకపోతే మాత్రం వాళ్లకి ఊపిరాడదు.

"మరి నువ్వెవరికేశావు?" అన్నాను.

"అకిలిసి ఉన్నన్నాళ్లూ అకిలిసికే. ఇప్పుడు మా బావమరిది ఎవరికి వెయ్యమంటే వాళ్లకి కాకుండా ఇంకొకళ్లకి" అని నవ్వి, బాడుగ న్యూజిలాండ్ డాలర్లలో ఇస్తే ఇంకా మంచిదన్నాడు.